తాళంచెవి ఎవరి కొంగున ఉంది?

తాళంచెవిని ఒంటిమీద పెట్టుకు తిరగడం మన ఆడవాళ్లకు ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. బీరువా తాళం కొంగుకు ముడేసుకునో, గుత్తిని బొడ్లో దోపుకునో మన అమ్మలు, అత్తమ్మలు ఇల్లంతా తిరిగేవారు. ఇప్పుడు ఆ పనే చేతి గడియారం చేస్తుందంటున్నారు. వాచీ చేతికుంటే చాలు, ఫోను తాళం దానంతటదే తీసి ఉంటుందట. మాటిమాటికీ నంబరు కొట్టక్కర్లేదు, వేలు పెట్టక్కర్లేదు. "ఇదంతా పట్నం వాళ్ల సోకు" అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. నేను మాత్రం ఇది ముందుగా కావలసింది మనకే అంటాను.

ఎందుకంటే మన వేళ్లు! అంట్లు తోమి, బట్టలు ఉతికి, పసుపు కారం కలిపిన వేలిని ఫోను ఎన్నిసార్లు గుర్తుపడుతోంది? గోరింటాకు పెట్టుకున్న రోజు సంగతి సరేసరి. ఇక మా ధర్మపురి చుట్టుపక్కల, అసలు ఉత్తర తెలంగాణ అంతటా, బీడీలు చేసే ఆడవాళ్ల సంగతి చూడండి. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మడిచి... ఇరవై ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో, పింఛను దగ్గర వేలు పెట్టి పెట్టి "పడ్తలేదమ్మా" అనిపించుకున్నవాళ్లు ఎందరో! కరోనా వల్ల 2021లో మన రాష్ట్రంలో రేషనుకు వేలిముద్ర ఆపి, ఫోనుకొచ్చే ఓటీపీతోనూ కంటిపాపతోనూ ఇచ్చారు. అంటే చివరికి ఫోనే ఆధారమైంది. ఆ ఫోను కూడా వేలినే అడిగితే ఏం చేయాలి? అలాంటి అవ్వకు దుబాయ్ నుంచి వచ్చిన కొడుకు చాక్లెట్లతో పాటు ఒక వాచీ తెచ్చి, దాన్ని ఫోనుకు కలిపిపెడితే ఎంత సుఖం! పొద్దున ఒకసారి నంబరు కొట్టుకుంటే కొన్ని గంటలు నిశ్చింత.

ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు. 2013లో మోటొరోలా కంపెనీ బట్టలకు తగిలించుకునే ఒక చిన్న క్లిప్పు తెచ్చింది. దానికి ఫోను ఆనిస్తే తాళం తెరుచుకునేది. మనుషులు సగటున రోజుకు 39 సార్లు ఫోను తాళం తీస్తారనీ, ఒక్కోసారికి 2.3 సెకన్లు పడుతుందనీ అప్పుడు ఆ కంపెనీ లెక్క చెప్పింది. (చంటిబిడ్డ చంకలో ఉంటే ఎన్ని సెకన్లు పడుతుందో వాళ్లు లెక్కవేసినట్టు లేదు!) వేలికి పెట్టుకునే ఉంగరాలూ అప్పుడే వచ్చాయి. 2014లో ఆండ్రాయిడ్ ఫోన్లలోనే స్మార్ట్ లాక్ అనే ఏర్పాటు పెట్టారు. ఇప్పుడు దాన్నే ఎక్స్‌టెండ్ అన్‌లాక్ అంటున్నారు. మనం నమ్మిన వాచీయో, ఇయర్‌ఫోనో, కారో బ్లూటూత్‌తో కలిసి ఉన్నంతసేపు, ఒకసారి తీసిన తాళం నాలుగు గంటల దాకా మళ్లీ పడకుండా చూస్తుంది.

మెలిక ఇక్కడే ఉంది. బ్లూటూత్ మామూలుగా పది మీటర్ల దాకా అందుతుంది, కొన్ని పరికరాలకు వంద మీటర్ల దాకా కూడా. మన గోదావరి రేవుకు వచ్చే వాళ్లనే తలుచుకోండి. 2015 పుష్కరాలప్పుడు ఒడ్డు మీద సంచులు, సంచుల పక్కన మనుషులు, కాలు పెట్ట సందు లేదు. మీరు నడుములోతు నీళ్లలో నిలబడి దోసిలి పడుతున్నారు, వాచీ చేతికే ఉంది. ఫోను ఒడ్డున సంచిలో ఉంది. వాచీ దగ్గర్లోనే ఉందనుకుని ఆ ఫోను తాళం పడకుండా కూర్చుంటుంది! సంచి దగ్గర ఎవరున్నారో దానికేం తెలుసు?

ఐఫోను వాళ్లు 2021లో తెచ్చిన పద్ధతి కొంత నయం. మొహానికి మాస్కు ఉండి ఫోను గుర్తుపట్టలేకపోతే చేతి వాచీ సాక్ష్యం చెబుతుంది. అయితే ఆ వాచీ మణికట్టు మీద ఉండాలి, ఫోనుకు బాగా దగ్గరగా ఉండాలి. చేతి నుంచి తీసిందే తడవు వాచీకే తాళం పడిపోతుంది. పైగా ఫోను తెరుచుకోగానే చేతి మీద చిన్నగా కదిలి చెబుతుంది, వద్దనుకుంటే అక్కడే నొక్కి మళ్లీ తాళం వేయొచ్చు. బీరువా తలుపు కిర్రుమంటే వంటింట్లోంచి "ఎవరదీ?" అని అడిగినట్టు! ఖరీదు మాత్రం మనలాంటి ఇళ్లకు అందేది కాదు. అలాంటి జాగ్రత్త తక్కువ ధర వాచీలకూ రావాలని అడగాల్సింది మనమే.

దొంగల సంగతి పక్కన పెడదాం. అసలు పేచీ ఇంట్లోనే. "గదేందే, ఫోనుకు తాళమెందుకు? ఏం దాస్తున్నవ్?" ఈ మాట వినని కోడళ్లు ఎందరుంటారు! అదే మగవాడి ఫోనుకు తాళముంటే ఎవరూ అడగరు, ఆఫీసు పని అంటే సరిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశంలో తాము సొంతంగా వాడుకునే ఫోను ఉందన్న ఆడవాళ్లు నూటికి 54 మందే. ఆ ఫోన్లలో కూడా ఎన్నింటిని కొన్ననాడు భర్తో, మరిదో, కొడుకో "ఇటియ్యి, నీకు తెల్వదు" అని సర్ది ఇచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు. నమ్మిన పరికరాల జాబితాలో ఆయన ఇయర్‌ఫోను చేర్చి ఉంటే, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ మీరు తీసిన తాళం మళ్లీ పడదు. మీరు తెలియక తాళం వేసుకున్నామనే అనుకుంటారు. ఫోనుకు ఆ పరికరం ఎవరి చెవిలో ఉందో, ఎవరి చేతికుందో పట్టదు, జాబితాలో ఉందా లేదా అంతే చూస్తుంది.

దాచుకోవడానికి తప్పులే ఉండాలా? అమ్మతో మాట్లాడుకున్న మాటలుంటాయి, డాక్టరమ్మకు పంపిన ఫోటో ఉంటుంది, గల్ఫ్‌లో ఉన్న భర్త రాసిన నాలుగు ముక్కలుంటాయి, సంఘంలో కట్టిన పొదుపు లెక్క ఉంటుంది. అత్తమ్మ కొంగున తాళంచెవి ఉన్న రోజుల్లో ఆమె బీరువాలో ఏముందని ఎవరడిగారు? ఆమె ఇంటి పెద్ద కాబట్టి తాళం కూడా పెద్దరికమైంది. కోడలి చేతికొచ్చేసరికి అదే తాళం అనుమానమైంది. నాకు ఈ తేడా మింగుడుపడదు.

అందుకే వాచీ కొనేముందు ఒక పని చేయండి. ఫోను సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ అని ఉన్నచోటకు వెళ్లి, నమ్మిన పరికరాలు ఏమేం ఉన్నాయో, ఎవరెవరి వేలిముద్రలు ఎక్కించి ఉన్నాయో చూడండి. మీకు తెలియనివి, మీవి కానివి తీసేయండి. చదువుకునే ఆడపిల్ల ఇంట్లో ఉంటే దగ్గర కూర్చోబెట్టుకోండి, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. తాళం వేసి ఉన్న ఫోను మీదే ఓటీపీలు బయటికి కనబడుతుంటే వాచీ ఉన్నా లేనట్టే. అవి కనబడకుండా చేసే వీలూ అదే సెట్టింగ్స్‌లో ఉంది. వాచీ పోతే మాత్రం ఆ రోజే జాబితాలోంచి తీసేయాలి.

ఇంకో సంగతి. ఎంత మంచి వాచీ అయినా చార్జింగు అయిపోతుంది. ఫోను ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎలాగూ నంబరే అడుగుతుంది. కాబట్టి ఆ నాలుగంకెలు మనసులో ఉండాల్సిందే. క్యాలెండరు వెనక రాసిపెట్టుకునే అలవాటున్నవాళ్లు మాత్రం ముందు ఆ కాగితం చింపేయండి!