నిప్పురవ్వ ఖరీదెంత?

అమెరికాలో పాత కారు కొని, విప్పి, పెద్ద ఇంజను బిగించి పరుగెత్తించే బండిని హాట్ రాడ్ అంటారు. 1932 నాటి ఫోర్డు బాడీలో షెవర్లే వి-8 పెట్టడం అక్కడ మామూలే. అంతా అయ్యాక జేబులో మిగిలేది కొంచెం. దానితో ఏ ఇగ్నిషన్ కొనాలి?

లెక్క వేద్దాం. ఎనిమిది సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజను నిమిషానికి 4500 చుట్లు తిరిగితే సెకనుకు 300 స్పార్కులు కావాలి. స్పార్కుకీ స్పార్కుకీ మధ్య మూడు మిల్లీసెకన్ల పైచిలుకు, అంతే! కాయిల్ నిండాల్సిందీ అందులోనే. పాయింట్లు అరిగేకొద్దీ గ్యాప్ మారి టైమింగు తప్పుతుంది.

వరసగా స్పార్కులిచ్చే ఖరీదైన పెట్టెలున్నాయి. కానీ ఆ వరస సాధారణంగా 3000 చుట్ల లోపే, ఆపైన ఒక్కటే స్పార్కు. రేసుకు సరే, రోడ్డు బండికి ఆ దుబారా ఎందుకండీ?

జనరల్ మోటార్స్ 1975 మోడళ్లలో పెట్టిన హెచ్.ఇ.ఐ. డిస్ట్రిబ్యూటర్ చవకైనదే. కాయిల్ మూతలోనే ఉంటుంది, పూర్తి 12 వోల్టుల వైరిస్తే చాలు. అయితే మూత లావు, ఇరుకు బండిలో వెనక గోడకు తగులుతుంది.

నా ఓటు మాత్రం పాత డిస్ట్రిబ్యూటర్‌లోనే పాయింట్ల చోట బిగించే అయస్కాంతపు సెన్సారుకే. సేద్యపు ఇంట్లో పుట్టినవాణ్ణి, దారిలో బాగుచేసుకోలేని సామానంటే నాకు పడదు. సెన్సారు చచ్చిపోయినా, డిక్కీలో దాచిన పాత పాయింట్లూ కండెన్సరూ బిగించి ఇల్లు చేరొచ్చు.