పచ్చ కన్నుల చూపు

“పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా తోచును” అని మన పెద్దలు తరచుగా చెప్పుచుందురు. ఒక అభిప్రాయమును ముందుగానే మనస్సున నింపుకొన్నవాడు సత్యమును చూడజాలడని దాని భావము. కామెర్లకు ఒక ముఖ్యకారణమైన వైరసును కనుగొన్న శాస్త్రజ్ఞుని జీవితమే ఈ సామెతకు చక్కని వ్యాఖ్యానమని మా అభిప్రాయము.

బరూక్ బ్లంబర్గ్ 1925వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు నగరమున జన్మించిరి. వైద్యవిద్య ముగించి, ఆక్స్‌ఫర్డులో జీవరసాయన శాస్త్రమును అభ్యసించిరి. ఆయన వైరసులను వెదకుటకు బయలుదేరినవారు కారు. ఒకే వ్యాధి కొందరికి సులభముగా సోకి, కొందరిని విడిచిపెట్టుట ఏల? ఆ భేదము వంశపారంపర్యముగా రక్తములోనే యున్నదా? ఇదియే ఆయన ప్రశ్న. అందులకై దేశదేశముల ప్రజల రక్తమును సేకరించి, హార్వే ఆల్టర్ మొదలగువారితో కలిసి పరీక్షించుచుండిరి. పలుమార్లు రక్తము ఎక్కించుకొన్న ఒక హీమోఫీలియా రోగి రక్తరసము, ఆస్ట్రేలియా ఆదివాసి యొకరి రక్తరసముతో కలిసినచోట ఒక సన్నని గీత యేర్పడెను. దానికి కారణమైన పదార్థమునకు ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరిడి, 1965లో ప్రకటించిరి.

అది పుట్టుకతో వచ్చు గుణమని ఆయన మొదట తలచిరి. డౌన్ సిండ్రోముతో పుట్టినవారిలో అది హెచ్చుగా కనిపించుటచే ఆ తలంపు బలపడినది. కాని 1966లో, అంతకుముందు ఆ పదార్థము లేని ఒక రోగిని మరల పరీక్షింపగా అది కనిపించినది. పుట్టుకతో రావలసినది నడుమ వచ్చునా? విచారింపగా, ఆ నడుమ అతనికి కాలేయపు వాపు కలిగినట్లు తెలిసినది. 1967లో ప్రయోగశాలలోని సహాయకురాలొకరు జబ్బుపడి, తన రక్తమును తానే పరీక్షించుకొనగా ఆ గీతయే కనిపించినది.

ఒక్క ఫలితము ఎదురు తిరిగినప్పుడు, పొరపాటని దానిని నెట్టివేయుట సులభము. ఆయన తన సిద్ధాంతమునే నెట్టివేసిరి. హెపటైటిస్ బి వైరసు ఇట్లు బయటపడినది. దాతల రక్తమును ముందుగా పరీక్షించు పద్ధతి వచ్చినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఇర్వింగ్ మిల్మన్‌తో కలిసి ఆయన యోచించిన టీకా మార్గము ఫలించి, 1981లో అమెరికాలో టీకాకు అనుమతి దొరికెను. 1997లో హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను స్వదేశమున తయారుచేసి చౌకగా అందించినది.

ఇక మన యిండ్ల సంగతి. కామెర్లనగానే పసరు పోయించుటయు, వాత పెట్టించుటయు నేటికిని పలుచోట్ల కలదు. కామెర్లు లక్షణమే కాని ఒక్క రోగము కాదు. కలుషితమైన నీటివలన, ఆహారమువలన వచ్చు హెపటైటిస్ ఎ, ఇ రకములు సామాన్యముగా తమంతట తామే తగ్గును. కీర్తి పసరునకు దక్కును. రక్తము ద్వారాను, తల్లినుండి శిశువునకును సోకు బి రకము అట్టిది కాదు. పుట్టినప్పుడే సోకినచో పదింట తొమ్మిదిమందిలో అది నిలిచిపోవును. కన్నులు పచ్చబడకయే ఏండ్ల తరబడి దాగియుండి, కొందరిలో కాలేయమును చెడగొట్టి కేన్సరునకు దారితీయును. నయమైనవారినే లెక్కించి, కానివారిని మరచుటయే పచ్చ కన్నుల చూపు.

పెద్దల అనుభవము వ్యర్థమా యని కొందరు మమ్మడుగవచ్చును. కాదు. మూలికలనుండి వచ్చిన మందులు ఎన్నియో కలవు. పరీక్షకు నిలిచిన దానిని స్వీకరింపుడనియే మా మనవి.

ఆసుపత్రిలో మన భాష మాట్లాడరను సంకోచముతో మన అవ్వలు పసరు వైద్యుని కడకే పోవుచున్నారు. రెండు భాషలు నేర్చిన విద్యార్థులారా, మీరు వారి వెంట నడువుడు. ఇంట శిశువు జన్మించినచో, మొదటి 24 గంటలలో ఈ టీకా వేసిరా యని అడుగుడు.

మరియొక మాట. ప్రయోగము చేసినప్పుడు వచ్చిన అంకె పాఠ్యపుస్తకముతో సరిపడకున్న, రబ్బరుతో చెరిపి సరియైన అంకె వ్రాయుట మనకు అలవాటు. ఇకమీదట చెరుపకుడు. ప్రక్కన ఒక ప్రశ్నార్థకము వేసి, మరల ప్రయోగము చేసి చూడుడు.