క్రీడాభిమానము - క్రీడాశిక్షణము

2025 సంవత్సరము నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో భారత మహిళా క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో నోడించి ప్రపంచ కప్పును మొదటిసారి గెలుచుకొన్నది. కడప జిల్లా యువతి శ్రీచరణి ఆ జట్టులో నుండుట ఆంధ్రులకు మిక్కిలి సంతోషము గలిగించినది. దేశమంతయు పండుగ చేసికొన్నది, చేసికొనదగినదే. కాని ఆ విజయమునకు నెలదినముల లోపల జరిగిన దానిని మనవారనేకులు మఱచిరి. అక్టోబరు 9, 12 తేదీలలో విశాఖపట్టణమునందును, 19వ తేదీన ఇండోరునందును మన జట్టు వరుసగా మూడు పోటీలలో నోడిపోయెను. ఆ దినములలో ఆ క్రీడాకారిణులపై నిందావాక్యములకు కొదవ లేకుండెను. నిందించిన నోళ్లే పిదప జయజయధ్వానములు చేసెను. నడుమ మాఱినది ఫలితమే గాని వారి దీక్ష గాదు.

గెలుపున కుత్సహించుట, ఓటమికి చింతించుట మానవ సహజము. దేశము పేర నాడువారితో దేశీయుల హృదయము పెనవేసికొని యుండుట మంచిదే. అయితే ఆ యభిమానము హద్దు మీఱినపుడు ఏమగునో చరిత్ర పలుమాఱులు చూపినది. 1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్సులో శ్రీలంకతో జరిగిన ప్రపంచ కప్పు సెమీఫైనలులో మన జట్టు 8 వికెట్లకు 120 పరుగులతో కుంగియుండగా, ప్రేక్షకులు సీసాలు విసరిరి, ఆసనములకు నిప్పంటించిరి. ఆట సాగక విజయమును శ్రీలంకకే యిచ్చివేసిరి. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్సునందు మన మహిళా హాకీ జట్టు అర్జెంటీనాకు సెమీఫైనలులో నోడినంతనే, వందనా కటారియా యను క్రీడాకారిణి యింటి ముందు హరిద్వారు సమీప గ్రామమున కులదూషణము జరిగెను. ఆ యక్టోబరులోనే దుబాయిలో పాకిస్తాను చేత నోడినపుడు జట్టంతయు నోడినను, నింద మాత్రము మహమ్మద్ షమీ యొక్కని మీదను, అతని మతము మీదను పడెను. నాయకుడు విరాట్ కోహ్లీ తన సహచరుని పక్షమున బహిరంగముగా నిలుచుట ఒక్కటే ఆనాడు మనకు దక్కిన గౌరవము.

ఇది మన దేశమునకే పరిమితమైన జాడ్యము గాదు. 1994లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో పొరబాటున తమ గోలులోనికే బంతిని పంపిన కొలంబియా ఆటగాడు ఆండ్రెస్ ఎస్కోబార్ స్వదేశమునకు మరలి వచ్చిన కొలది దినములకే తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఓటమి కోపమే గాదు, గెలుపు మదమును ప్రాణములు దీయును. 2025 జూన్ 4న బెంగుళూరులో ఐ.పి.ఎల్. విజయోత్సవమునకు మూగిన జనుల త్రొక్కిసలాటలో 11 మంది మృతి చెందిరి. అక్కడ ఏర్పాట్ల లోపము ముఖ్యము. కాని హద్దెఱుగని ఉత్సాహమును పెంచినవారికి ఆ బాధ్యతలో పాలు లేదనలేము.

ఇట్టి ప్రేక్షకులు గల దేశమే మఱియొక ముఖమును గూడ చూపినది. 1999 జనవరి 31న మద్రాసు చేపాకములో పాకిస్తానుతో జరిగిన టెస్టు పోటీలో సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసియు మన జట్టు 12 పరుగుల తేడాతో నోడిపోయెను. విజయము చేతికంది జాఱిన ఆ క్షణమున ప్రేక్షకులు లేచి నిలిచి ప్రత్యర్థులకు కరతాళధ్వనులు చేసిరి. పాకిస్తాను క్రీడాకారులు ఆ గౌరవము నందుకొనుచు మైదానము చుట్టి వచ్చిరి. 2024 ఆగస్టు 8న పారిస్ ఒలింపిక్సులో పాకిస్తానువాడగు అర్షద్ నదీమ్ 92.97 మీటర్లు ఈటె విసరి స్వర్ణమును, మన నీరజ్ చోప్రా 89.45 మీటర్లతో రజతమును పొందిరి. అతడును మా బిడ్డవంటివాడేయని నీరజ్ తల్లి పలికెను; నీరజ్ కొఱకును తాను ప్రార్థించితినని అర్షద్ తల్లి చెప్పెను. ఈ తల్లులకు దేశభక్తి తక్కువ యని యెవ్వరనగలరు?

ఈ సందర్భమున ఒక కఠిన ప్రశ్నను దాటిపోరాదు. 2025 సెప్టెంబరులో జరిగిన ఆసియా కప్పు పోటీలలో మనవారు పాకిస్తాను ఆటగాండ్రతో కరచాలనము చేయలేదు. 28వ తేదీన తుదిపోటీలో మన హైదరాబాదు యువకుడు తిలక్ వర్మ 69 పరుగులతో అజేయుడై విజయము చేకూర్చినను, కప్పును పాకిస్తాను మంత్రియగు మండలి అధ్యక్షుని చేతినుండి స్వీకరింపలేదు. ఆ యేప్రిల్ 22న పహల్గాములో 26 మంది నిరాయుధులు హతులైరి. ఆ గాయమును మేము తక్కువగా నెంచము. పాకిస్తానుతో ద్వైపాక్షిక క్రీడలు వలదనియు, బహుదేశ పోటీలలో నాడవచ్చుననియు మన ప్రభుత్వము 2025 ఆగస్టులో నిర్ణయించినది. ఆడుటయా, మానుటయా యనునది రాజనీతికి సంబంధించినది. ఆడ నిశ్చయించిన పిదప ఎదుటివానిని ఆటగానిగా చూచుట క్రీడాధర్మము. బ్యాటు పట్టిన యువకుడు తన దేశపు రాజనీతికి కర్త గాడు. ఆట మానుకొనుటలో గౌరవము కలదు; ఆడుచు ద్వేషించుటలో లేదు.

జాతీయోద్యమ కాలమున మన పెద్దలు ఈ సమస్య నెఱుగనివారు గారు. బొంబాయిలో హిందువులు, ముస్లిములు, పార్సీలు, ఐరోపీయులు వేఱువేఱు జట్లుగా నాడు పంచజట్ల పోటీలను గూర్చి 1940లో గాంధీమహాత్ముడు తన అసమ్మతిని స్పష్టముగా తెలిపెను. 1946తో ఆ పోటీలు ముగిసెను. పిదప 1948 ఆగస్టు 12న, స్వాతంత్ర్యమునకు ఏడాది నిండకమున్నే, లండనులో మన హాకీ జట్టు బ్రిటనును 4-0 గోలులతో నోడించి ఒలింపిక్ స్వర్ణమును గైకొన్నది. ఏలినవారిని వారి గడ్డమీదనే గెలిచితిమి. అందుకు ఎవ్వరిని దూషింపవలసిన పని లేకపోయెను.

మఱి నేటి ఈ వికారమునకు మూలమెక్కడ? చూచువారు పెరిగి, ఆడువారు తఱిగిపోవుటలో నున్నదని మా యభిప్రాయము. స్వయముగా ఆడినవాడు పదిసార్లు ఓడియుండును. చేతిలోనిదనుకొన్న క్యాచి జాఱుట, ఆఖరి అడుగులో వెనుకబడుట యెట్టివో అతనికి దెలియును. ఆడనివానికి ఆట గెలుపోటముల లెక్క మాత్రమే. కావుననే మైదానము నెఱుగని నోరు మైదానమున నున్నవానిపై నంత తేలికగా లేచును.

ఈ లోపమునకు తావైనది పాఠశాల. 2009 విద్యాహక్కు చట్టపు అనుబంధము ప్రతి పాఠశాలకు ఆటస్థలమును, ఆట సామగ్రిని విధించినది. కాని ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో నూఱుగురికి మించి పిల్లలున్నచోట వ్యాయామ విద్యకు ఆ చట్టము కోరినది పార్ట్‌టైము బోధకునే! దేహమును తీర్చుట పూర్తికాలపు పని గాదని చట్టమే తలచినపుడు తల్లిదండ్రుల ననవలసిన దేమి? 2020 జాతీయ విద్యావిధానము పాఠ్యమునకును క్రీడలకును భేదము కూడదన్నది. ఐదు మొదలు పదునేడేండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములైనను శరీరశ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన నగరములలోని ఇంటర్మీడియేట్ కళాశాలలు పెక్కు అంతస్తుల మేడలలో నడచుచున్నవి. అందలి విద్యార్థులకు ఉదయము మొదలు రాత్రివఱకు పుస్తకమే లోకము. చిన్న పరీక్షలో మార్కులు తగ్గినంతనే కుంగిపోవు పిల్లలను చూచుచున్నాము. ఓటమిని ఓర్చుకొను విద్య వారి కెవ్వరు నేర్పిరి?

ఆటలవలన చదువు చెడునని కొందఱందురు. దినమునకొక్క గంట ఆడిన బాలుడు మిగిలిన గంటలలో నిలకడగా చదువుట ప్రతి యుపాధ్యాయుడు నెఱిగినదే. ఆటవలన జీవనోపాధి యేదని మఱికొందఱందురు. అందఱు కరణం మల్లీశ్వరులు, పి.వి. సింధులు కాలేరు, కానక్కఱలేదు. లెక్కలు నేర్చినవారందఱు గణితాచార్యులగుచున్నారా? పతకముల కొఱకే ఆటలు నేర్పినచో, ఏరుకొన్న పదుగురు మైదానమునందును, తక్కినవారు టెలివిజను ముందును మిగులుదురు. మనకు కావలసినది అది కాదు. ఆడపిల్లలకు ఆటగంట యుండవలె. బలహీనునికి జట్టులో చోటుండవలె.

దీనికి ప్రభుత్వములు చేయవలసిన పని యున్నది. ఆటస్థలము లేని కళాశాలకు గుర్తింపు నొసగరాదు. వ్యాయామోపాధ్యాయుల ఖాళీలను నింపవలె. కాని అంతయు ప్రభుత్వము మీద నెట్టి యూరకుండుట మాకు సమ్మతము గాదు. గ్రామములలోని భూస్వాములు బడి ప్రక్కన ఎకరము నేలను పిల్లల కొఱకు విడిచిన, అది చిరకాలము నిలుచు దానము. పాఠశాల మైదానములు ఆక్రమణల పాలు గాకుండ కాచుట పట్టణ పౌరుల విధి. ఫీజు చెల్లించు తల్లిదండ్రులు మార్కుల జాబితాతోపాటు ఆటగంట యెప్పుడని యడుగవలె. రేపు మన జట్టు ఓడిన దినమున గెలిచినవారికి చప్పట్లు కొట్టగల తరము నేటి బడి మైదానములోనే తయారు కావలసి యున్నది.