చార్మినారు చెంత బండ్ల నిలుపుదల

1591లో చార్మినారు వెలసిననాడు దాని వీథులు పాదచారులకు, పల్లకీలకు, గుర్రములకు ఏర్పడినవి. నేడు పత్తర్‌గట్టి మొదలు లాడ్‌బజారు దాక స్కూటరు నిలుపుటకు జానెడు చోటు దొరకుట గగనము. దొరికినచోట అడిగినంత చెల్లింపవలసివచ్చుచున్నది. గాజులు కొనవచ్చిన చిరుద్యోగి, మక్కా మసీదుకు నమాజునకు వచ్చిన వృద్ధుడు ఈ భారము నెట్లు మోయగలరు?

అయినను కట్టడము ముంగిటనే ఉచితముగా చోటీయుడని మేము కోరము. 2019లో ఒక మీనారునుండి గచ్చు ఊడిపడినది. అట్టి కట్టడమునకు పొగయు, అదురును మరింత చేటు. నయాపూల్ పరిసరములలో స్వల్ప రుసుముతో, అందరికి కనబడు ధరల పట్టికతో ప్రభుత్వమే స్థలము కేటాయింపవలెను. అచ్చటినుండి చార్మినారు సుమారు కిలోమీటరు. వృద్ధులకు, వికలాంగులకు చిన్న బండ్లు నడుపవలెను. విద్యార్థులమగు మనకు ఆపాటి నడక కష్టము కాదు.