పదునైదేండ్ల బాలికపై పందెము



హిందూపురమందైనను పెనుకొండయందైనను ఆడపిల్ల హాకీకఱ్ఱ పట్టెనేని "దీనివలన నేమి ఫలము?" అను ప్రశ్న యింట పుట్టక మానదు. అందులకే యీ ముచ్చట.

1980లో మాస్కో ఒలింపిక్సున నాలుగవ స్థానము గాంచిన మన స్త్రీల జట్టు మరల 36 ఏండ్లవఱకు ఆ పోటీల గడప త్రొక్కలేదు. నడుమ 2010లో, రొసారియో నగరపు ప్రపంచకప్పునకు, పదునైదేండ్ల రాణీ రాంపాల్‌ను ముందువరుసలో నిలిపిరి. హర్యానాలో బండి లాగి బ్రతుకువాని బిడ్డ యామె. ఏడుమారులు గోలు కొట్టెను. జట్టుకు దక్కినది తొమ్మిదవ స్థానమే.

ఇది యవివేకమా? కాదని మా యభిప్రాయము. ధర్మవరపు మగ్గముకడ క్రొత్తచేతికి నాడె నిచ్చునపుడు ప్రక్క ననుభవశాలి యుండవలెను. పోగు తెగినంతనే యామెను లేపివేయరాదు. రాణికి బాల్యమునుండి బలదేవ్ సింగుగారి శిక్షణ కలదు. ఓటమి జూచి జట్టువా రామెను విడువలేదు. 2016లో రియోలో కడపటి స్థానమే వచ్చినను, 2021లో టోక్యోలో నామె నాయకత్వమున నాలుగవ స్థానము లభించెను.

అయినను ఒక్క పిల్ల మెడపై నందఱి బరువును మోపరాదు. 2024లో పారిస్ పోటీలకు జట్టు అర్హత పొందలేదు. రాణి వెనుక మఱియొకతె, ఆమె వెనుక నింకొకతె రావలెను. మన చిత్తూరు జిల్లా బిడ్డ రజనియు జాతీయజట్టున గోలు కాచినదే కదా!

తల్లులారా, పిల్ల గెలుచునా యని యడుగుటకు ముందు, ఓడిననాడు మన మామె ప్రక్క నిలువగలమా యని యోచింతము.