మెస్ బాకీ

కూచిపూడి అనంగానే అందరూ నాట్యం అంటారు. నేనెరిగింది మా అమ్మ వేసిన నాట్లు. ఆ కూలి డబ్బుల్తోనే యూనివర్సిటీకెళ్లాను. స్కాలర్‌షిప్పు రాలేదు. మెస్ బాకీదారుల్లో నా పేరు గోడకెక్కింది. "ధైర్యంగా ఉండవోయ్" అన్నారు ఆఫీసులో. ధైర్యం లేకుండానే మాలపల్లె నుంచి అందాకా వచ్చానా? తన పళ్లెంలో సగమన్నం పెట్టింది పక్కగది అన్న.

వివక్ష ఫిర్యాదులు వినే అధికారి ఉండాలని యూజీసీ 2012లోనే నియమం పెట్టింది. ఆయన పేరు మాత్రం ఏ గోడమీదా చూళ్లేదు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మనం పోగొట్టుకున్న రోహిత్ వేముల, ఏడు నెలల ఫెలోషిప్పు తనకు రావాలని చివరి ఉత్తరంలో లెక్క రాశాడు.

తమ్ముడూ, చెల్లీ! బాకీపడింది మీరు కాదు, వాళ్లు. తలుపేసుకుని కుమలకండి. పక్కగది తలుపు కొట్టండి. ఆనక అందరం కలిసి ఆఫీసు తలుపు కొడదాం.