హ్యాండిలు వేదవాక్కు కాదు

పోయిన ఆదివారం నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. విజయవాడలో హోటళ్ళ నుంచి ఇంటింటికీ భోజనం చేరవేసే ఉద్యోగం. రోజుకు 10, 12 గంటలు మోటారు సైకిలు మీదనే గడుస్తాయి. కుడి మణికట్టుకు పట్టీ చుట్టుకొని ఉన్నాడు. ఏమయిందిరా అని అడిగితే, "ఏం లేదు మాస్టారూ, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. సాయంత్రమయ్యేసరికి బ్రేకు పట్టుకున్నానో లేదో కూడా తెలియడం లేదు. కొన్నాళ్ళకు అలవాటవుతుందని అందరూ అంటున్నారు" అన్నాడు.

"హ్యాండిలు నీ ఒడ్డూ పొడుగుకు తగినట్టు సర్దించుకున్నావా?" అన్నాను.

నేనేదో చమత్కారం చేశాననుకొని వాడు నవ్వాడు. "హ్యాండిలు సర్దడమేమిటి మాస్టారూ! అది కంపెనీ ఫిట్టింగు కదా!"

ఆ నవ్వే నా చేత ఈ నాలుగు మాటలూ వ్రాయిస్తున్నది. బ్రేకు మీద వేళ్ళున్న సంగతి తెలియని చేత్తో బెంజి సర్కిల్ దాటుతున్న పాతికేళ్ళ కుర్రవాడికి ఇంటివాళ్ళు, స్నేహితులు, బండి అమ్మినవాళ్ళు అందరూ కలిసి చెప్పిన మందు ‘అలవాటవుతుంది’ అన్న ఒక్క మాట! తిమ్మిరికి అలవాటుపడడమంటే స్పర్శ పోవడానికి అలవాటుపడడమే గదా. దీనిని ఓర్పు అందామా, అవివేకమందామా?

మన శాస్త్రకారులు ప్రమాణాలను లెక్కపెట్టేటప్పుడు ప్రత్యక్షాన్ని ముందు పెట్టారు, శబ్దాన్ని తరువాత పెట్టారు. చెయ్యి తిమ్మిరెక్కడం ప్రత్యక్షం. ‘కంపెనీ ఫిట్టింగు’ అన్నది శబ్దం. ప్రత్యక్షాన్ని త్రోసిపుచ్చి శబ్దాన్ని నెత్తిన పెట్టుకునే ఈ భక్తి వేదానికే చెల్లని చోట, నాలుగు బోల్టులతో బిగించిన ఇనుపగొట్టానికి ఎలా చెల్లుతుంది?

ఇది నేను గాలిలో చెబుతున్న మాట కాదు, అనుభవించి చెబుతున్నది. ఉద్యోగ విరమణానంతరం 2021లో, 23 ఏళ్ళు మోసిన నా పాత బండిని వదిలి, కొత్త మోటారు సైకిలు కొన్నాను. నేను 5 అడుగుల 3 అంగుళాల వాణ్ణి. కొత్త బండి హ్యాండిలు పాతదానికన్నా ముందుకు ఉన్నది. పట్టుకోవాలంటే మోచేతులు కర్రల్లా బిగుసుకునేవి, భుజాలు చెవుల దగ్గరికి వచ్చేవి, ఒంటి బరువంతా అరచేతుల మీద వాలేది. మూడు నెలలు తిరిగేసరికి రెండు చేతులలోనూ చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారసాగాయి. ఒకనాడు సుద్దముక్క పట్టుకుంటే జారిపోయింది. 35 ఏళ్ళు సుద్దముక్కతో బ్రతికినవాడికి అంతకన్నా భయం మరొకటి ఉండదు.

బండి కొన్న చోటికి వెళ్ళాను. "కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంచాలి సార్. మీకు పాత బండి అలవాటు, కొన్నాళ్ళకు ఇదీ అలవాటవుతుంది" అని చల్లని నీళ్ళిచ్చి పంపించారు. మా అబ్బాయి ఫోనులో, "వయసు వచ్చింది కదా నాన్నా, బండి అమ్మేయండి, ఆటోలో తిరగండి" అన్నాడు. వాడి మాటలో ప్రేమే ఉన్నది, కాదనను. కానీ ఆ బండి పోతే నాకు ఏమేమి పోతాయో వాడికి తెలియదు. శనివారాలు పల్లెకు వెళ్ళి పదిమంది పిల్లలకు ఛందస్సు చెప్పి వచ్చే ప్రయాణం పోతుంది. తెనాలిలో గ్రంథాలయానికి నా ఇష్టం వచ్చిన వేళకు పోయి రావడం పోతుంది. సాయంత్రం మా ఇంటావిడను గుడికి తీసుకువెళ్ళే స్వాతంత్ర్యం పోతుంది. ముసలితనం ఒక్కసారిగా రాదు, ఇలా ఒక్కొక్క తాళంచెవీ మన చేతిలోంచి తీసుకుంటూ వస్తుంది.

చివరకు వైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన చక్కెర పరీక్ష చేయించాడు, మెడకు ఎక్స్‌రే తీయించాడు. మెడలో వయసుకు తగిన అరుగుదల ఉన్నదన్నాడు. తరువాత, "బండి మీద ఎలా కూర్చుంటారో ఈ కుర్చీలో కూర్చొని చూపించండి" అన్నాడు. తొంభై వేల రూపాయలు పుచ్చుకొని బండి అమ్మినవారు అడగని ప్రశ్న అది. చిటికెన వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శనిచ్చే అల్నార్ నాడి అరచేతి మొదట్లో చర్మానికి దగ్గరగా పోతుందనీ, అక్కడ బరువు ఆని, దానికి బండి అదురు తోడైతే ఆ నాడి నలుగుతుందనీ చెప్పాడు. సైకిలు తొక్కేవారిలో ఈ బాధకు వైద్యులు ‘హ్యాండిల్‌బార్ పాల్సీ’ అని పేరే పెట్టుకున్నారు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కితే అది మీడియన్ అనే మరొక నాడి సంగతి. మణికట్టు ఎప్పుడూ వంగి ఉండడం దానికి చేటు.

మరునాడు మా వీధి చివరి షెడ్డులో మెకానిక్‌ను అడిగాను. అతను ముందు సందేహించాడు గానీ, పని పది నిమిషాలది. హ్యాండిలు పాత స్థానానికి గుర్తుగా నా సుద్దముక్కతోనే ఒక గీత గీశాను. క్లాంపు బోల్టులు వదులు చేసి హ్యాండిలును నా వైపు కొద్దిగా తిప్పాడు. క్లాంపు దగ్గర గీత కదిలింది రెండు మిల్లీమీటర్లకు మించదు. కానీ చేతి పిడి దాదాపు రెండు సెంటీమీటర్లు నాకు దగ్గరయింది. ఆ రెండు సెంటీమీటర్లతో మోచేతులు వంగాయి, భుజాలు దిగాయి. మూడు నాలుగు వారాలలో వేళ్ళకు స్పర్శ తిరిగి వచ్చింది. మెడనొప్పి మాత్రం ఉన్నది. అది వయసుదే, దాన్ని హ్యాండిలు మీదికి నెట్టను. వయసుది కానిదాన్ని వయసు మీదికి నెడితేనే నాకు కోపం.

తెలుగులో సంధి అనే మాట వ్యాకరణంలోనూ ఉన్నది, శరీరంలోనూ ఉన్నది. కావ్యంలో సంధి కుదరకపోతే దాన్ని విసంధి దోషమన్నారు. ఆ దోషం కవిదంటారు గాని చదువరి నాలుకదని ఎవరూ అనరు. మరి మనిషికీ బండికీ నడుమ సంధి కుదరనప్పుడు, తప్పంతా మణికట్టుదేనని ఎందుకు తీర్పు చెబుతున్నాము? రెండు వందల రూపాయల చొక్కా కుట్టేందుకు దర్జీ ఒళ్ళంతా కొలుస్తాడు. చెప్పులు కొంటే నాలుగడుగులు నడిచి చూడమంటారు. లక్ష రూపాయల బండి కొన్నవాడికి మాత్రం దండవేసి, కొబ్బరికాయ కొట్టించి, తాళంచెవి చేతిలో పెట్టి, ఫోటో తీసి పంపుతారు. అతని చెయ్యి ఎంత పొడుగో ఎవరికీ పట్టదు!

దీనికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలుసు. మొదటిది: కంపెనీ ఇంజనీర్లకన్నా నీకు ఎక్కువ తెలుసా? తెలియదు. అయితే వారు నన్ను చూసి బండి చేయలేదు. రకరకాల ఒడ్డూ పొడుగుల వారికి నడుమగా ఒక స్థానం నిర్ణయించారు. అందుకే హ్యాండిలును అతికించకుండా, గుండ్రని గొట్టంగా చేసి క్లాంపులలో బిగించారు. గొట్టం మీద వారు కొట్టిన చిన్న చుక్క గుర్తు బయలుదేరే చోటు. దానిని నేను గౌరవిస్తాను, దానికి దూరంగా పొమ్మని ఎవరికీ చెప్పను. ఆ చుక్కకు కాస్త ఇటూ అటూ జరగడం అపచారమంటేనే ఒప్పుకోను.

రెండవది: చట్టం ఒప్పుకోదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదన్నది. ఉన్న హ్యాండిలును ఉన్న క్లాంపులలోనే తిప్పితే ఆ పత్రంలో ఏ అక్షరం మారింది? హ్యాండిలునే తీసేసి వేరే ఆకారం బిగించడం వేరు. అలా చేయదలచినవారు ముందు రవాణా కార్యాలయంలో అడగడం మంచిది.

మూడవది కుర్రకారుది: హ్యాండిలు క్రిందికి వంచితేనే బండికి అందం. నాయనలారా, పందెపు బండి మీద వంగి కూర్చున్నవాడి రొమ్మును ఎదురుగాలి మోస్తుంది. ఆ వేగంలో అతని చేతుల మీద బరువు తగ్గుతుంది. మన ఊళ్ళలో, గేదెల నడుమ, గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయేవాణ్ణి ఏ గాలి మోస్తుంది? మీ మణికట్లే మోయాలి. అలాగని సింహాసనం మీద కూర్చున్నట్టు హ్యాండిలును మరీ వెనక్కు లాగినా తప్పే. అప్పుడు బరువంతా తుంటి మీద పడి, ప్రతి గుంటా నేరుగా వెన్నులోకి దిగుతుంది. మలుపులో పిడి మోకాలికి తగులుతుంది. మధ్యేమార్గం ఒకటి ఉన్నది, అది ఎవరి శరీరానికి వారిదే.

దాన్ని కనుగొనడం కష్టం కాదు. సమతలంగా ఉన్న చోట బండికి పెద్ద స్టాండు వేసి, రోజూ కూర్చున్నట్టే కూర్చోండి. కళ్ళు మూసుకొని, భుజాలు వదులు చేసి, చేతులు సహజంగా ముందుకు చాచండి. ఇప్పుడు కళ్ళు తెరిచి, పిడి మీ చేతులకు ఎంత దూరంలో ఉన్నదో చూడండి. మోచేయి కొద్దిగా వంగి ఉండాలి. ముంజేయి, మణికట్టు, అరచేయి ఒకే గీతలో ఉండాలి. క్లచ్చు, బ్రేకు లివర్లు కూడా ఆ గీతలోకే రావాలి. వేళ్ళు చాచితే లివరు మీద పడాలి తప్ప, దానికోసం మణికట్టు పైకి విరగకూడదు. చాలామందికి లివర్లు సర్దితేనే సగం బాధ తీరుతుంది. స్విచ్చుల పెట్టె లోపల కొన్ని బండ్లలో చిన్న మేకు ఉండి హ్యాండిలు రంధ్రంలో కూర్చుంటుంది. దాన్ని బలవంతంగా తిప్పకండి.

సర్దిన తరువాత చూడవలసినవే ముఖ్యం, ఎందుకంటే ఇవి ప్రాణానికి సంబంధించినవి. హ్యాండిలును ఎడమకూ కుడికీ చివరంటా తిప్పి చూడాలి. అది పెట్రోలు ట్యాంకుకు తగలరాదు, ఏ వైరూ బిగుసుకోరాదు. ఇంజను నడుస్తుండగా గేరు వేయకుండా అలాగే తిప్పితే దాని మోత పెరగరాదు. పెరిగిందంటే యాక్సిలరేటరు వైరు లాగుతున్నదని అర్థం, ఆ బండితో రోడ్డెక్కరాదు. డిస్కు బ్రేకు ఉంటే హ్యాండిలు మీది బ్రేకు ఆయిలు డబ్బా బాగా ఒరిగిపోకూడదు. బోల్టులను బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పిన వరుసలో, చెప్పినంత బిగువుతో బిగించాలి. అద్దాలు మళ్ళీ సర్దుకోవాలి. ఖాళీ రోడ్డు మీద మెల్లగా నడిపి చూసి, కొన్నాళ్ళకు బోల్టులు మరొకసారి చూపించుకోవాలి. చేతికి పని తెలియనివారు మెకానిక్ చేతనే చేయించుకోండి. స్కూటర్లకూ, ఫోర్కుకు విడివిడిగా బిగించిన రెండు ముక్కల హ్యాండిళ్ళకూ ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు. అటువంటి బండిని కొనక ముందే పది నిమిషాలు కూర్చొని చూసుకోవాలి. అన్నీ సర్దినా తిమ్మిరి తగ్గకపోతే వైద్యుని దగ్గరకే వెళ్ళాలి. చక్కెర వ్యాధి తెచ్చే తిమ్మిరికి స్పానరు మందు కాదు.

ఇంతమందిని నిందించాక నన్ను నేను వదిలిపెట్టడం న్యాయం కాదు. 35 ఏళ్ళు నేను ఒకే కొలత బల్లల మీద నాలుగడుగుల పిల్లవాణ్ణీ, ఆరడుగుల పిల్లవాణ్ణీ కూర్చోబెట్టి, "నిటారుగా కూర్చోరా" అని గద్దించినవాణ్ణి. బల్ల పొడుగు ఎంత అని ఒక్కనాడూ చూడలేదు. వంగినవాడిదే తప్పన్నాను. ఆదివారం నా ముందు నవ్వినవాడు ఆ బల్లల మీద వెనక వరసలో కూర్చున్న పొడుగు పిల్లవాడే. వస్తువు మారదు, మనమే సర్దుకోవాలి అన్న పాఠం వాడికి ఏ షోరూములోనో మొదలు కాలేదు. నా తరగతిలోనే మొదలయింది. నేను పుస్తకంలో లేకుండా చెప్పిన పాఠం అది, వాడికి బాగా వంటబట్టింది.

అందుకే ఆ సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకొని షెడ్డుకు వెళ్ళాను. సుద్దగీత నేనే గీశాను. పొడుగు వాడు కనుక వాడికి హ్యాండిలు నాకు తిప్పినట్టు కాక, కాస్త ముందుకు జరపవలసి వచ్చింది. లివర్లు కొంచెం దించారు. తగ్గకపోతే నెల లోపల వైద్యునికి చూపించుకుంటానని మాట తీసుకొని పంపించాను. తగ్గిందో లేదో ఇంకా తెలియదు. తెలిసినది తెలిసినట్టు చెబుతాను.

బండ్లు అమ్మేవారికి నా మనవి ఒక్కటే. కొబ్బరికాయ కొట్టించండి, ఫోటో తీయండి, కాదనను. దానికి ముందు ఆ మనిషిని బండి మీద కూర్చోబెట్టి, "చేతులు ఎలా ఉన్నాయి?" అని అడిగి, ఒక స్పానరు పట్టుకొని పది నిమిషాలు నిలబడండి. కొనేవారికి మరొక మనవి. వారు అడగకపోతే మీరే అడగండి. "అలవాటవుతుంది" అన్న జవాబు వస్తే, దేనికి అలవాటవుతుందని తిరిగి అడగండి.

స్వస్తి.